తొమ్మిదో అంగ

లూషస్ ప్రూట్‌కి అన్యాయం జరిగింది 1959 ఆగస్టు 21న, శుక్రవారం మధ్యాహ్నం, చర్చిలో కూటం నడుస్తుండగా. చేసింది ఎవరో తెల్లదొర కాదు, పోలీసు కాదు, సొంత చెల్లెలు ఓపల్. అప్పటికి అతనికి పదహారేళ్లు, ఆమెకి పన్నెండు. అది అన్యాయమని తెలిసినవాళ్లు ఇద్దరే: ఓపల్, దేవుడు. దేవుడు చాడీలు చెప్పే రకం కాదు. ఓపల్ కూడా ఆ ఒక్కసారి తప్ప మళ్లీ చెప్పలేదు.

మా టార్వర్‌లో వాన కబురు రేడియో కన్నా ముందు ప్రూట్ వాళ్ల గోడ చెప్పేది. వంటింటి వెనక గోడ అది. సైప్రస్ చెక్కలు, రంగు ఎప్పుడో రాలిపోయి బూడిద కోడిలా ఉండేవి. దాని మీద ఒకటి పైన, ఒకటి కింద రెండు తుప్పు మేకులు. ఆ మేకుల మధ్య తీగ లేదు, తాడు లేదు, ఏమీ లేదు. అయినా మబ్బు పట్టే ముందు గోడ మోగేది. ఇనప తీగ మీద సీసా జారిస్తే వచ్చే మూలుగు, దాని కిందే బొటనవేలి దెబ్బ. ఆ చప్పుడు అందుకోగానే వీధిలో ఆడవాళ్లు దండేల మీది బట్టలకి పరిగెత్తేవాళ్లు. "ప్రూట్ వాళ్ల గోడ మొదలెట్టింది, దుప్పట్లు తియ్యండే!" అని కేక. అంతకుమించి దాని గురించి మాట్లాడుకున్నది లేదు. మాట్లాడటానికేముంది? మిసిసిపీలో వాన పడితే బురద, గోడ మోగితే వాన.

చిక్కల్లా ఒకటే. ఆ గోడ పాట పూర్తి చేసేది కాదు. హాయిగా సాగి సాగి, ఒకచోట గొంతు పైకెత్తి, అక్కడే ఠక్కున ఆగిపోయేది. కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఉండి మళ్లీ మొదటికి వచ్చేది. ఏళ్లతరబడి అంతే. ఆ వీధిలో పుట్టినవాళ్లని నడకలోనే గుర్తుపట్టొచ్చు. చక్కగా నడుస్తూ నడుస్తూ, ఏదో మర్చిపోయినట్టు ఒక కాలు గాల్లో పెట్టి నిలబడతారు. పిల్లల్ని జోకొట్టే తల్లుల చెయ్యి ఆఖరి దెబ్బ దగ్గర పైనే ఉండిపోయేది. మా కూరల్లో చివర వెయ్యాల్సిన ఉప్పు ఎప్పుడూ పడదని పక్క వీధి వాళ్ల ఎగతాళి. అబద్ధం కాదు, నేనూ తిన్నాను ఆ కూరలు.

ఓపల్ ఆ ఇంట్లోనే ఉండేది, ఒక్కతీ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వారమంతా జెల్ల చేపల ఫ్యాక్టరీలో తోలు ఒలిచే వరసలో నిలబడేది. ఆదివారం తెల్ల గౌను, తెల్ల చేతిజోళ్లు, తెల్ల టోపీ పెట్టుకుని చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేది. ఆమె చర్చి అమ్మ. ఆమె లోపలికొస్తే పాస్టరు గారు కూడా లేచి నిలబడాల్సిందే. ఆ మర్యాద ఆమెకి వయసు చూసి ఇచ్చింది కాదు, డబ్బు చూసి ఇచ్చిందీ కాదు. పన్నెండేళ్లప్పుడు ఆమెకి కలిగిన దర్శనం చూసి ఇచ్చింది.

ఆ దర్శనం కథ టార్వర్‌లో అందరికీ కంఠతా వచ్చు.

పత్తి చేలో కలుపు తీత అయిపోయి, కాయ ఇంకా పగలని రోజులుంటాయే ఆగస్టులో, అప్పుడు మాకు ఉజ్జీవ కూటాలు. పన్నెండేళ్లు నిండిన పిల్లల్ని తెచ్చి ముందొక ఖాళీ బల్ల మీద కూర్చోబెడతారు. పెద్దలు దాన్ని పశ్చాత్తాపుల బల్ల అంటారు. మేం ఏడుపు బల్ల అనేవాళ్లం. దేవుడి దగ్గర్నుంచి గుర్తు వచ్చేదాకా అక్కణ్ణుంచి లేవడానికి లేదు. వస్తే లేచి సాక్ష్యం చెప్పాలి, అప్పుడు బాప్తిస్మం. సోమవారం ఒకడికి తెల్ల పావురం కనబడింది. మంగళవారం ఇంకొకదానికి సూర్యుడు పేరు పెట్టి పిలిచాడు. ఒక్కొక్కళ్లే లేచిపోయారు. శుక్రవారానికి బల్ల మీద మిగిలింది ఓపల్. సంఘపెద్ద ప్రూట్ గారి కూతురు! తండ్రి ప్రసంగ వేదిక పక్కన నిలబడి ఆమెనే చూస్తున్నాడు. తల్లి విసనకర్ర ఊపడం మానేసింది. ఓపల్ కళ్లు మూసుకుని ఎంత బతిమాలుకున్నా గుర్తు రాలేదు. ఆకలొచ్చింది, ఉచ్చొచ్చింది, దేవుడు మాత్రం రాలేదు.

అప్పుడు లేచి నిలబడింది.

"ప్రభువు మా ఇంట్లో పాపాన్ని చూపించాడు," అంది. "మా వెనక గోడ మీద ఒక తీగ. దాని మీద మా అన్న చెయ్యి. ఆ చెయ్యి కాలి నల్లగా అయిపోతోంది."

చర్చి లేచి గంతులేసింది.

దర్శనమంట! లూషస్, వాళ్లమ్మ కొత్త చీపురు మెడకి చుట్టిన తీగ విప్పి, గోడకి మేకులు కొట్టి బిగించి, కింద ఖాళీ నశ్యం సీసా దూర్చి, దాని మీద బ్లూస్ పాట నేర్చుకుంటున్నాడు. గిటారు కొనలేని ఇళ్లలో పిల్లలందరూ మొదట నేర్చుకునేది ఆ గోడ తీగ మీదే. అయితే సంఘపెద్ద ఇంట్లో అది దయ్యం సంగీతం. అందుకని నాన్న లేనప్పుడే వాయించేవాడు. ఎవరైనా వస్తున్నారేమో చూసే కాపలా పని ఎవరిదనుకున్నారు? ఓపల్‌దే. నమ్మి చెప్పాడు, చెల్లెలు కదా అని.

ఆ మధ్యాహ్నం జ్వరమని ఇంట్లో ఉండిపోయాడు. సంఘమంతా పాడుకుంటూ వాళ్ల పెరట్లోకి దిగేదాకా తన పాటలో తను ఉన్నాడు. తండ్రి రేకు కత్తెర తీసుకుని తీగ పుటుక్కున తెంపేశాడు. కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ వాతలు మానిపోయేవి. "నేను ఆపలేదురా, దేవుడాపాడు," అన్నాడు.

ఆ సాయంత్రం లూషస్ చెల్లెలి దగ్గరికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"నిజంగా చూశావా?"

ఓపల్ మొహం చూడలేకపోయింది. బాప్తిస్మం గౌను కుట్టడానికి అమ్మ కొలతలు కూడా తీసేసింది అప్పటికి.

"చూశాను," అంది.

లూషస్ తన ఎడమ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. సరేనన్నాడు. మళ్లీ తీగ ముట్టలేదు. తర్వాతి వారం వాన ముందు గోడ మొదటిసారి మోగింది, అతను ఆగినచోటే ఆగింది. తండ్రి కాసేపు విని, బట్టలు తియ్యమని తల్లికి చెప్పాడు.

నశ్యం సీసా దుమ్ములో పడి ఉంటే ఓపల్ ఎవరూ చూడకుండా తీసి దాచింది. ఇన్నేళ్లూ అది ఆమె తెల్ల టోపీ డబ్బాలో, టోపీ కిందే ఉంది.

లూషస్ ఊళ్లోనే ఉండిపోయాడు. వీధి చివర టైర్ల షాపు పెట్టుకున్నాడు. చెల్లెలితో పోట్లాడి మాటలు మానేసినా ఆమె ప్రాణం కుదుటపడేది. అదీ లేదు. ప్రతి శనివారం తన పెరటి ఆకుకూర సంచిలో వేసుకుని ఆమె గేటు దాకా వచ్చేవాడు. గేటు దాటేవాడు కాదు.

"ఈసారి ఆకు కాస్త చేదుగా ఉంది. పంది మాంసం ముక్క వేసి ఉడకబెట్టు."

"లోపలికి రా అన్నా. రొట్టె చేశాను."

"షాపు తెరిచి వచ్చాను. నా కోసం కూడా ప్రార్థన చెయ్యి, నీ మాట ఆయన వింటాడు."

ఈ ఆఖరి ముక్క వెటకారంగా అని ఉంటే బతికిపోయేది. అతను మనసారా అనేవాడు. ఓపల్ ఆ ఆకుకూర వండుకుని, తినలేక, పక్కింటి వాళ్లకిచ్చేసేది.

ఈ వసంతంలో పాస్టరు గారు చర్చికి భోజనాల హాలు కడదామన్నారు. చర్చి పక్క స్థలం, ఇంటితో సహా, ఓపల్‌దే. ఆమెకి చర్చి వాళ్లే రెండు వీధుల అవతల చిన్న ఇల్లు ఇస్తామన్నారు. అందరూ ఆమె వైపు చూశారు. ముందు బల్ల మీద కూర్చున్నావిడ కాదని ఎలా అంటుంది? సరేనంది. ఆగస్టు కూటాలు అయిన తర్వాతి సోమవారం మిషను వచ్చి పడగొడుతుందని ముహూర్తం పెట్టేశారు.

ఇంటికొచ్చి బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే గోడ అందుకుంది. ఎప్పట్లాగే సాగి, పైకెత్తి, ఆగింది. ఓపల్ చేతిలో కత్తి కూడా ఆగింది. ఈ గోడ పడిపోతే అన్న పాట ఇంక ఏ కాలానికీ పూర్తి కాదని అప్పుడు తట్టింది ఆమెకి. తన నోటితో తనే సరేనని వచ్చింది. ఒకసారి కత్తెర, ఇప్పుడు మిషను. రెండుసార్లూ తన మాటే.

నిజం చెప్పేస్తే పోయేదిగా అని మీరనొచ్చు. చెప్పడం అంత తేలికైతే ఈ ప్రపంచంలో చర్చిలెందుకు? ఓపల్ చవక దారి వెతికింది. పాట ఆఖరి ముక్క తనే నేర్చుకుని, తనే వాయించి, మిషను వచ్చేలోగా ముగించేద్దామనుకుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి అటే వర్లీన్ సగ్స్ ఇంటికి వెళ్లింది. వర్లీన్‌కి డెబ్బై దాటాయి. ముందు పన్ను బంగారం. పగలు టమాలీలు అమ్ముతుంది, అంటే మొక్కజొన్న పిండిలో కారం మాంసం కూరి, పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించినవి. శనివారం బండి పక్కన కూర్చుని గిటారు వాయిస్తుంది. చర్చి గడప తొక్కదు.

"అమ్మో, చర్చి అమ్మ గారు! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు అక్కా. గిటారు నేర్పుతావా?"

వర్లీన్ పిండి చేతులు గౌనుకి తుడుచుకుని ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. "నీకా? ప్రభువు పర్మిషన్ చీటీ తెచ్చావా?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. నేర్పుతావా, లేదా?"

"టమాలీలు చుట్టిపెట్టు. చుట్టినంతసేపు తిడతాను, తర్వాత నేర్పుతాను."

రెండూ చేసింది. ఓపల్ వేళ్లు చేప తోలు ఒలిచిన వేళ్లు, మొరటువి. తీగ నొక్కితే లోతుగా గాడి పడేది, రాత్రి చెంచా పట్టుకుంటే మండేది. "నొక్కవే, చచ్చిన చేప కాదది, పారిపోదు!" అనేది వర్లీన్. "అంత గట్టిగా కాదు, దాని పీక పిసుకుతున్నావు! బొటనవేలు నీ గుండె, అది ఆపావంటే చచ్చావన్నమాట. మిగతా వేళ్లు నోరు. నోరు అబద్ధమాడినా గుండె మానకూడదు."

అబద్ధం అన్నప్పుడల్లా ఓపల్ చెయ్యి తప్పేది. వర్లీన్ అది గమనించింది.

ఒకరోజు గడప మీద కూర్చోబెట్టి చెప్పింది. "బ్లూస్ అంటే పన్నెండు అంగల నడక. మొదటి నాలుగు అంగలూ నీ ఇంట్లోనే తచ్చాడతావు. తర్వాత రెండు పక్కింట్లో, చక్కెర బదులడగడానికి. మళ్లీ రెండు ఇంట్లో. ఎన్నయ్యాయి?"

"ఎనిమిది."

"పర్లేదు, చర్చిలో లెక్కలు కూడా చెప్తారన్నమాట. తొమ్మిదో అంగ ఊరి చివర, చేను గట్టు మీద. ఇంటికి అంతకన్నా దూరం లేదు. అక్కడ నిలబడితే ఒళ్లు జలదరించాలి. పదోది పక్కింటి మీదుగా వెనక్కి. ఆఖరి రెండూ ఇంట్లో, బూట్లు విప్పి."

గోడ ఆగేది ఎక్కడో ఓపల్‌కి అర్థమైంది. పదహారేళ్ల పిల్లవాణ్ణి చేను గట్టు మీద నిలబెట్టి, ఇంటికి వచ్చే దారి కత్తిరించేశారు. అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

అసలు నరకం ఎక్కడ మొదలైందంటే, ఆమెకి అది బాగుండటం మొదలైంది. జూన్ నాటికి వేళ్ల కొసలు గట్టిపడ్డాయి. ఒక సాయంత్రం తీగని పక్కకి వంచి వదిలితే స్వరం పాకంలా సాగి, మనిషి మూలిగినట్టు మూలిగి, మెల్లగా చోటుకొచ్చి కూర్చుంది. ఓపల్ పకపకా నవ్వేసింది. యాభయ్యారేళ్ల మనిషి, చర్చి అమ్మ, చిన్నపిల్లలా గడప మీద కాళ్లు కొట్టుకుంటూ నవ్వింది.

"అదీ! ఇప్పుడు దొరికింది నీకు," అంది వర్లీన్. "మళ్లీ పలికించు."

మళ్లీ పలికించింది. ఇంకోసారి పలికించింది. ఆ ఆనందం కడుపులో వెచ్చగా దిగుతుండగానే ఒళ్లు చల్లబడింది. లూషస్‌కి పదహారేళ్లప్పుడే ఇది దొరికింది. ఇది తెలిసిన చేతిని తను కాలుతున్న చెయ్యన్నది. అన్న నోటి దగ్గర ముద్ద లాక్కుని, ఇన్నేళ్లు దాచి, ఇప్పుడు తనే కూర్చుని తింటున్నట్టనిపించింది. గిటారు కింద పెట్టేసింది.

"ఏమైందే?"

"చేపల కంపు, చేతులు కడుక్కోవాలి," అని లేచిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. రాకుండా ఉండలేకపోయింది, అదీ తప్పే.

జులై ఆఖర్లో ఒక మధ్యాహ్నం గోడ అందుకుంది. వీధిలో దుప్పట్లు లోపలికి పోయాయి. ఓపల్ వర్లీన్‌ని గిటారుతో సహా పిలుచుకొచ్చి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. గోడతో పాటు బొటనవేలు కలిపింది. నాలుగు ఇంట్లో, రెండు పక్కింట్లో, రెండు ఇంట్లో. గోడ చేను గట్టు మీదికి వెళ్లి ఆగింది. ఓపల్ అక్కడ అందుకుని పదో అంగ వేసింది, పదకొండు, పన్నెండు. ఎక్కడా తడబడలేదు. శుభ్రంగా ఇల్లు చేరింది.

గోడ కాసేపు ఊరుకుంది. తర్వాత, ఆమె అక్కడ లేనట్టే, మొదటి అంగ మళ్లీ మొదలెట్టింది.

వాన మీద పడేదాకా వాయిస్తూనే ఉంది ఓపల్. ప్రతిసారీ అంతే. జుట్టు తడిసి మొహానికి అతుక్కుంది.

"లోపలికి రావే, గిటారు ఉబ్బిపోతుంది," అని వర్లీన్ రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. "బాగానే వాయించావు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నువ్వు మరీ చెత్తేం కాదు. కానీ గట్టు మీద నిలబడ్డది నువ్వు కాదుగా. నువ్వు ఇల్లు చేరితే వాడికేంటి? లూషస్‌ని పిలుచుకురా."

"రాడు. దేవుడు ఆపాడనుకుంటున్నాడు."

వర్లీన్ కాఫీ పోసుకుంటున్నదల్లా ఆగింది. "అనుకుంటున్నాడా?"

ఓపల్ తలెత్తలేదు. చూరు మీద వాన చప్పుడు. వర్లీన్ కాఫీ తాగలేదు. గిన్నె అక్కడే పెట్టి, గొడుగు తీసుకుంది.

"పిండి కలిపి వచ్చాను, పాడైపోతుంది." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "కూటాల్లో శుక్రవారం ఏటేటా నువ్వేగా సాక్ష్యం చెప్పేది? ఈ ఏడు పిల్లలెంతమంది ఉన్నారు బల్ల మీద?"

"తెలీదు."

"వెళ్లి చూడు."

ఈ ఏడు కూటాల్లో శుక్రవారానికి బల్ల మీద ముగ్గురు మిగిలారు. ఏటా జరిగేదేంటంటే, ఆ రోజు పాస్టరు గారు ఓపల్‌ని పిలుస్తారు, ఆమె నల్లబడిన చేతి కథ చెబుతుంది. ఆ చెయ్యి కళ్లముందు కదిలేసరికి మిగిలిన పిల్లలు హడలిపోయి, ఏదో ఒకటి చూశామని లేచేస్తారు. అది తప్పిన ఏడు లేదు.

"మన చర్చి అమ్మ, సిస్టర్ ఓపల్," అన్నారు పాస్టరు గారు. అందరూ లేచారు.

ఓపల్ ముందు బల్ల నుంచి లేచింది. ప్రసంగ వేదిక వైపు వెళ్లలేదు. ఏడుపు బల్ల దగ్గరికెళ్లి, చివర కూర్చున్న పిల్లతో, "కాస్త జరుగు తల్లీ," అని, తెల్ల గౌను సర్దుకుని పక్కన కూర్చుంది. నిలబడ్డవాళ్లు కూర్చోవాలో వద్దో తెలీక అలాగే ఉండిపోయారు.

"నేను ఇక్కణ్ణుంచి లేవకుండా ఉండాల్సింది," అంది. గొంతు పెద్దది కాదు, అయినా వెనక దాకా వినబడింది. "నాకు ఏ గుర్తూ రాలేదు. ఆకలేసింది. నాన్న చూస్తున్నాడు. మా అన్న రహస్యం నాకు తెలుసు, దాన్ని దర్శనమని చెప్పాను. చెయ్యి కాలడం నేను చూడలేదు. ఏమీ చూడలేదు. పిల్లలూ, మీకేమీ కనబడకపోతే కనబడలేదని చెప్పండి. కొంప మునగదు."

విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎవరో "ప్రభువా" అన్నారు, పొగడ్తకి కాదు. వెనక నుంచి ఒక ముసలావిడ, "అయితే ఇన్నేళ్లు నేను నీకు లేచి నిలబడిందెందుకు?" అని గట్టిగానే అడిగింది. మోకాళ్ల నొప్పుల మనిషి, అడిగే హక్కు ఉంది. పాస్టరు గారికి ఏం చెయ్యాలో తోచక పాట ఎత్తుకున్నారు. ఎవరూ అందుకోలేదు. ఓపల్ టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

లూషస్ షాపు ముందు లారీ టైరు విప్పుతున్నాడు. తెల్ల గౌనులో చెల్లెలు మట్టిరోడ్డు మీద నడిచి రావడం చూసి ఇనప కడ్డీ కింద పెట్టాడు.

"కూటం అప్పుడే అయిపోయిందా? ఆ ఎండలో టోపీ ఏదీ?"

"అన్నా, ఆ సాయంత్రం మెట్టు మీద నన్నొకటి అడిగావు."

అతను గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నిజంగా చూశావా అన్నావు. చూడలేదన్నా."

లూషస్ మళ్లీ కడ్డీ తీసుకుని టైరు అంచులో దూర్చాడు. ఎత్తలేదు. అలా పట్టుకునే నిలబడ్డాడు.

"మా ఆవిడ పోయినప్పుడు," అన్నాడు, "స్మశానం నుంచి వచ్చి నేరుగా వర్లీన్ గుమ్మం దాకా వెళ్లాను. ఒక్కసారి, ఒక్కసారి గిటారు అడుగుదామని. చెయ్యి చూసుకుని వెనక్కొచ్చేశాను. దేవుడు ఆగమన్నవాణ్ణి కదా. పోయినావిడకి కూడా చేటు చేస్తానేమోనని."

"అన్నా..."

"నన్ను అన్నా అనకు ఇప్పుడు. ఇంటికి పో."

ఓపల్ ఇంటికి పోయింది. వెనక మెట్టు మీద కూర్చుంది. ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. పడమట మబ్బు నల్లగా లేచింది. గోడ అందుకుంది. వీధిలో "దుప్పట్లే!" అని కేక.

గేటు కిర్రుమంది.

లూషస్ లోపలికొచ్చాడు. ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో పేలిపోయిన టైరు అంచులోంచి లాగిన ఉక్కు తీగ చుట్ట. చెల్లెలి వైపు చూడలేదు. పై మేకుకి తీగ చుట్టాడు, కింద మేకుకి లాగి బిగించాడు. తుప్పు మేకులు కిక్కురుమనలేదు, అతని కోసమే పట్టుకుని ఉన్నట్టు. ఆపైన చుట్టూ నేల మీద వెతుక్కున్నాడు.

ఓపల్ లోపలికి పరిగెత్తి టోపీ డబ్బాలోంచి నశ్యం సీసా తెచ్చింది. అతను దాన్ని చూశాడు. అమ్మ పళ్లతో కొరికి తీసిన మూత దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉండేది, అది అలాగే ఉంది.

"నిన్ను క్షమించానని చెప్పడానికి రాలేదు," అన్నాడు. "పాట కోసం వచ్చాను."

"తెలుసు."

"ఈ సీసా ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"దొంగా," అని సీసా తీగ కింద దూర్చాడు. షాపు అరుగు మీద తాగి పడేసిన సీసా మెడ ఒకటి జేబులోంచి తీసి వేలికి తొడుక్కున్నాడు. గోడ తన దారిన తను వాయించుకుపోతోంది. పదహారేళ్ల చేతుల వాయింపు అది, చురుకైనది. తొమ్మిదో అంగకి వెళ్లి ఆగింది. లూషస్ పదో అంగ వేశాడు.

అపశ్రుతి పలికింది. తుప్పు పట్టిన గేటులా ఉంది. అరవై ఏళ్ల చెయ్యి, టైర్లు ఎత్తిన చెయ్యి, అది మాత్రం ఏం చేస్తుంది? గోడ మొదటికి వచ్చింది. నెమ్మదిగా వచ్చింది ఈసారి. దాని నడక అంతకు ముందెప్పుడూ ఎవరికోసం తగ్గింది లేదు.

"బొటనవేలు ఆపకు," అంది ఓపల్ ఉండబట్టలేక. "నోరు తప్పినా గుండె..."

"నాకు నువ్వు నేర్పుతావా!"

"వర్లీనక్క అంది."

"నోరు ముయ్యి."

నోరు మూసుకుంది. లూషస్ బొటనవేలు ఆపలేదు. నాలుగు ఇంట్లో, రెండు పక్కింట్లో, రెండు ఇంట్లో. గోడ ఊరి చివరికి, చేను గట్టు మీదికి వెళ్లి నిలబడింది. లూషస్ సీసా మెడని తీగ మీద జార్చాడు. వంకరగానే, బొంగురుగానే, పదో అంగ వెనక్కి తిరిగింది. పదకొండు. పన్నెండు. ఇల్లు.

గోడ మళ్లీ మోగలేదు. వీధిలో కాలు గాల్లో పెట్టి నిలబడ్డవాళ్లు కాలు కింద పెట్టారు. ఎక్కడో ఒక తల్లి ఆఖరి దెబ్బ వేసి జోకొట్టడం ముగించింది. లూషస్ తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. మసి, గ్రీజు, తీగ కోసిన ఎర్రటి గీత. అంతే. ఒకసారి నవ్వాడు, పకపకా, ఓపల్ జూన్‌లో నవ్విన నవ్వే. వాన పడింది, ఇద్దరూ తడిశారు, ఒకరినొకరు లోపలికి రమ్మనుకోలేదు.

సోమవారం మిషను వచ్చే ముందే లూషస్ రంపంతో వచ్చి ఆ రెండు మేకులున్న చెక్కలు కోసుకుపోయాడు. ఇప్పుడు భోజనాల హాలు కట్టేశారు. ఓపల్ వెనక బల్ల మీద కూర్చుంటోంది, ఆమె వస్తే ఎవరూ లేవరు. లూషస్ శనివారాలు వర్లీన్ బండి పక్కన వాయిస్తున్నాడు. ఆకుకూర తీసుకుని కొత్త ఇంటి గేటు దాకా వస్తున్నాడు. గేటు ఇంకా దాటలేదు. అయితే నా కోసం ప్రార్థన చెయ్యి అనడం మానేశాడు, ఓపల్ ఆ కూర ఇప్పుడు తానే తింటోంది. మా వీధిలో మాత్రం ప్రతి వానకీ దుప్పట్లు తడుస్తున్నాయి.

ఆ చెక్కలు టైర్ల షాపులో గోడకి వేలాడుతున్నాయి, తీగతో సహా. టైర్ల మీద గుర్తులు పెట్టే తెల్ల రంగుతో, మేకుల పక్కన అతను రాసిన రెండు వరసలు ఉన్నాయి. పైది 1959 ఆగస్టు 21, శుక్రవారం. కిందది 2003 ఆగస్టు 22, శుక్రవారం.